కాళ్ళు చూచి కీడెంచవద్దు



తొలకరి జల్లులు పడి గాలిలో తేమ చేరిన తరువాత, రాతిగోడ నెర్రెలోనో, బావి ఒరలోనో, తోటలోని పెద్ద చెట్టు మొదటనో నల్లని వెంట్రుకల కుచ్చు వంటి దానిని మీలో కొందరు చూచియుందురు. కొండ ప్రాంతముల వారికి ఇది మరింత పరిచితము. పుల్లతో కదపగానే ఆ కుచ్చంతయు ఒక్కసారిగా ఊగి, వందల కాళ్ళతో చెదరిపోవును. "సాలీళ్ళ దండు వచ్చినది, మందు కొట్టండి" అని ఎవరో ఒకరు కేక వేయుదురు. పంపు భుజాన వేసికొనుటకు ముందు నా మాట కొంచెము వినగోరుచున్నాను.

అవి సాలీళ్ళు కావు. సాలీడు, తేలు, పశువుల గోమారి వలె ఎనిమిది కాళ్ళవే గాని, తెగ వేరు. శాస్త్రజ్ఞులు ఈ తెగను ఒపిలియోనిస్ అందురు. ప్రపంచములో ఇంతవరకు గుర్తించిన రకములు 6,500కు పైగా కలవు.

గుర్తించుట కష్టము కాదు. సాలీడుకు తలభాగమునకు, పొట్టకు మధ్య సన్నని నడుము ఉండును. దీనికి నడుము కనబడదు. శరీరమంతయు ఒకే గింజ వలె ఉండును. చాల సాలీళ్ళకు ఎనిమిది కళ్ళు. దీనికి సాధారణముగా రెండే. ఇది గూడు అల్లదు. అన్నిటికంటె ముఖ్యమైనది, దీనికి విషగ్రంథులు లేవు. ఇంటి మూలలో పలుచని గూటిలో తలక్రిందులుగా వ్రేలాడు పొడుగు కాళ్ళది మాత్రము నిజమైన సాలీడే. దాని వలనను మనకు అపాయము లేదు.

మరి గుంపు ఎందుకు? ఒంటిలోని తేమ ఆరిపోకుండుటకు పగటివేళ ఇవి ఒకచోట చేరును. శత్రువు వచ్చినచో అన్నియు కలిసి ఊగి బెదిరించును, ఘాటైన వాసన వదలును. రాత్రి చెదరిపోయి చిన్న పురుగులను, చచ్చిన పురుగులను, బూజును, కుళ్ళిన ఆకును తినును.

ఇవి మీ పంటను కాపాడునని నేను గొప్పలు చెప్పను. కాని పంటకు చేటు చేయవు. చేటు చేయని దానిపై మందు కొట్టుటయే నా అభ్యంతరము. బావి ఒరలో కొట్టిన మందు నీటిలో దిగును. కొట్టములో కొట్టినది గడ్డిపై పడి పశువు నోటికి పోవును. కాగడాతో కాల్చబోయి పూరికప్పు అంటించుకొన్న నష్టము చెప్పనక్కరలేదు. లేని విషమునకు భయపడి, ఉన్న విషమును మనమే ఇంటికి తెచ్చుకొనుట న్యాయమా?

మరొక నష్టము కలదు. ఒంటిపై పొక్కులు లేచినచో "సాలీడు పాకినది" అని పసరు పూసి ఊరకుందురు. వరిచేల నుండి రాత్రి దీపమునకు వచ్చు ఎరుపు నలుపు సన్నని పురుగు ఒంటిపై నలిగినను పొక్కులు లేచును. సర్పి అను జబ్బు వలనను లేచును. చీకటిలో ఏదో కరచినప్పుడు, గోడపై కనబడిన ఈ ప్రాణిపై నేరము మోపి కాలయాపన చేయుట మరీ ప్రమాదము. కరచినది పాము కావచ్చును, తేలు కావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గ్రామోద్యోగులకు నా మనవి: ఊరిలో ఇట్టి కేక లేచినప్పుడు మీరే ముందు వెళ్ళి, దగ్గరగా చూచి, నలుగురికి చూపుడు. నివసించు గదిలో చేరినచో చీపురుతో బయటకు త్రోయుడు. గోడ ప్రక్క తడి ఆకుల కుప్పలు తీసి, గాలి వెలుతురు రానిండు. అంతకు మించిన ఖర్చు అనవసరము. పంపులోని మందు నిజమైన తెగులుకు దాచుకొనుడు.