ఎవరూ నిద్రలేపని ఊరు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు పరాయి దేశంలో ఇంటి మీద బెంగతో కుమిలిపోతారని పెద్దలు అనుకుంటారు. నాకా నమ్మకం లేదు. వీళ్లు విమానం ఎక్కడానికి ఆరేళ్ల ముందే ఇల్లు విడిచారు. పదో తరగతి ఫలితాలు రాగానే పరుపుచుట్ట, బకెట్టు, పచ్చడి సీసా పట్టుకుని ఏ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లోనో దిగారు. కోదాడలో 65వ నంబరు జాతీయ రహదారి మీద నిలబడి అటు హైదరాబాద్ బస్సెక్కినా, ఇటు విజయవాడ బస్సెక్కినా చివర్లో ఒక హాస్టల్ ఉంటుంది. ఏడుపులు, ఆదివారం ఔటింగ్ కోసం ఎదురుచూపులు అన్నీ పదహారేళ్లకే అయిపోయాయి.

అమెరికాలో డాలస్‌లోనో మిస్సోరిలోనో ఎమ్మెస్‌కు చేరాక వీళ్లు తడబడేది కూడా ఆ హాస్టల్ చలవే. అక్కడ తెల్లవారకముందే తలుపు కొట్టి లేపే మనిషి ఉన్నాడు. ఎప్పుడు తినాలో, ఏ పేజీ చదవాలో, లైటు ఎప్పుడార్పాలో ఇంకొకరు చెప్పారు. సందేహాలు అడిగితే సిలబస్ వెనకబడుతుందని అడగనివ్వలేదు. తర్వాత ఇంజినీరింగ్‌లో సీనియర్ పుస్తకం ముందు పెట్టుకుని రికార్డులు దింపేశారు. సంగతి సారుకూ తెలుసు, అయినా సంతకం పెట్టాడు. ఇలా పెరిగిన కుర్రాణ్ని ఎమ్మెస్‌కు పంపుతున్నాం. మొదటి క్లాసులోనే ప్రొఫెసర్ సిలబస్ కాగితాలు చేతికిస్తాడు. అసైన్‌మెంట్ల గడువులు, మార్కుల లెక్క, కాపీ కొడితే ఏమవుతుందో అన్నీ అందులోనే ఉంటాయి. గడువు దగ్గరపడిందని మళ్లీ గుర్తుచేసేవాళ్లు ఉండరు. స్నేహితుడి ప్రోగ్రాంలో పేర్లు మార్చి ఇస్తే మన దగ్గర అది దోస్తు చేసిన సాయం. అక్కడ విచారణ, సున్నా మార్కులు, మరీ ముదిరితే బహిష్కరణ. ఈ సంగతి కొందరికి నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

ఆఫీస్ అవర్స్ ఇంకో చిక్కు. వారంలో ఫలానా గంటల్లో వచ్చి అడగండని ప్రొఫెసర్ తలుపు తీసుకుని కూర్చుంటాడు. మనవాడు ఆ తలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తాడు. స్టాఫ్‌రూంకు పిలిచారంటే తిట్లకే అని చిన్నప్పటి నుంచి తెలుసు మరి! మెయిలు రాస్తే 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి, కావలసినది అడక్కుండానే ముగిస్తాడు.

వీళ్లకన్నా చిన్నపిల్లలు ఈ అడగడాన్ని ఎలా నేర్చుకుంటున్నారో ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల్లో కనిపిస్తుంది. అమెరికా విదేశాంగ శాఖ 2002లో మొదలుపెట్టిన కెనెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ హైస్కూలు పిల్లలను పూర్తి ఖర్చులతో ఒక విద్యా సంవత్సరంపాటు తీసుకెళుతుంది. మన సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచీ దానికి పిల్లలు ఎంపికయ్యారు. అక్కడ ఒక అమెరికన్ కుటుంబం జీతం భత్యం లేకుండా ఆ పిల్లను తమ ఇంట్లో పెట్టుకుంటుంది. పిల్ల వాళ్లతో కలిసి తినాలి, వాళ్లతోపాటు ఇంటి పనులు చెయ్యాలి. ఆకలేస్తే అడగాలి. చలేస్తే దుప్పటి అడగాలి. స్కూలు బస్సు తప్పిపోతే దింపమని అడగాలి. ఇంట్లో తెలుగు వచ్చినవాళ్లు ఉండరు కనుక, మొహమాటపడితే పస్తే. క్రిస్మస్ సెలవుల నాటికి నోరు విచ్చుకోక ఏం చేస్తుంది?

మన ఎమ్మెస్ కుర్రాడు దిగేది మాత్రం ఇంకో సూర్యాపేటలో. ఎయిర్‌పోర్టుకు సీనియర్ కారు, వాట్సాప్‌లో ముందే కుదిరిన రూము, తెలుగు రూమ్మేట్లు, వంటకు టర్నులు, ఇండియన్ స్టోర్ నుంచి సోనా మసూరి బస్తా. దీన్ని ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రాదు. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి లోను తెచ్చుకున్నవాడికి అద్దె పంచుకునే నలుగురు దొరకడం అదృష్టమే. కాకపోతే ఆ గదిలో ఏ ప్రశ్నకైనా జవాబు సీనియరే చెబుతాడు. యూనివర్సిటీలోనే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది, పైసా తీసుకోకుండా నియమాలన్నీ చెబుతుంది. పీకల మీదికి వస్తే తప్ప ఆ మెట్లు ఎక్కరు.

తెలిసినవాళ్ల మాట ఎంతదాకా తీసుకుపోతుందో మనం చూశాం. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు, కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించుకుని తిరిగినవాళ్లలో తెలుగు పిల్లలున్నారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ పన్నిన వల అని తేలింది. వందమందికి పైగా భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. అందులో ప్రభుత్వం చేసింది మోసమేనని నా అభిప్రాయం. అయినా క్లాసులే జరగని చోట ఫీజు ఎందుకు కడుతున్నామని ముందే అడగవలసింది.

ఇంటి ఫోను సంగతీ చెప్పాలి. అమ్మ "తిన్నవా బిడ్డా?" అంటుంది, వాడు "తిన్ననే అమ్మా" అంటాడు. అంతవరకు బాగానే ఉంటుంది. తర్వాత ఫోను నాయిన చేతికి పోతుంది. "పార్ట్‌టైం దొరికిందారా?" ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాడు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్లోనో హోటల్లోనో చేరితే వీసాకే ఎసరు. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తాగిరి చేసే తండ్రికి ఈ నియమం తెలియదు. వడ్డీ పెరుగుతోందన్న ఆందోళనలో, కొడుకును చట్టం దాటమంటున్నానని ఆయనకు తట్టదు. కొడుకు చెప్పడు. చిన్న పనులు నామోషీ ఏమీ కాదు. వందేళ్ల కిందట హార్వర్డ్‌లో చదవడానికి వెళ్లిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్లు పోర్టరు పని చేశాడు. ఇప్పుడు నియమాలు వేరు, నిఘా వేరు. 2025 మే చివర్లో కొత్త విద్యార్థి వీసాల అపాయింట్‌మెంట్లు కొన్ని వారాలు ఆపేశారు, ఆపైన సోషల్ మీడియా ఖాతాలు తెరిచి చూపమన్నారు. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటేశామని మురిసిపోయాం. అంతమందిలో ఒక్క కుర్రాడు మొదటి సెమిస్టర్లో గదిలోంచి కదలడం మానేస్తే పట్టించుకునేది ఎవరు?

మన పట్టణాల నుంచి పిల్లలను పంపే కన్సల్టెన్సీలు వీసా ఇంటర్వ్యూకు మాక్ ఇంటర్వ్యూల మీద మాక్ ఇంటర్వ్యూలు పెడతాయి. ఎలా నవ్వాలో కూడా నేర్పుతాయి. అదే గదిలో ఒక పూట సిలబస్ కాగితం చదివించవచ్చు. ఇంకో పూట ప్రొఫెసర్‌కు సూటిగా నాలుగు వాక్యాల మెయిలు రాయించవచ్చు. మరో పూట తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఆ 20 గంటల నియమం తెలుగులో చెప్పవచ్చు. ఫీజు ఎలాగూ తీసుకుంటున్నారు.