మిషను పోయినా ఫైళ్ళు పోకుండా

జహీరాబాదు దగ్గరి ఒక పల్లె నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాశారు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చిన తరువాత వారి ఇంటి ల్యాప్‌టాప్ తెరుచుకొనుట లేదు. మీట నొక్కితే కంపెనీ గుర్తు కనబడి అక్కడే నిలిచిపోవుచున్నది. బజారులో చూపిస్తే, "ఫార్మాట్ కొడితే గంటలో లేస్తుంది" అన్నారట. అందులో కుమార్తె డిగ్రీ ప్రాజెక్టు ఉన్నది, సంఘ సభ్యుల పట్టీ ఉన్నది. అన్నిటికంటె మిన్నగా, నిరుడు ప్రభువునందు నిద్రించిన మామగారు పాడిన పాటలు ఉన్నవి. మరొక ప్రతి ఎక్కడా లేదు. "ఫార్మాట్ చేయించవచ్చునా?" అని వారు అడుగుచున్నారు. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక ఈ నెల శీర్షికను దీనికే కేటాయించుచున్నాము.

సోదరీ, ఫార్మాట్ చేయించవద్దు. కనీసం ఫైళ్ళు బయటికి తీసేవరకు వద్దు.

ల్యాప్‌టాప్‌లో విండోస్ అనునది తలుపు తీసే కావలివాడు వంటిది. మీ ఫొటోలు, పాటలు, కాగితములు గాదెలోని గింజల వంటివి. కావలివాడు పడిపోయినంత మాత్రాన గింజలు పోలేదు. ఫార్మాట్ చేయుట అనగా కొత్త కావలివానిని పెట్టుటకు గాదెను ఊడ్చివేయుట. మిషను లేచుట నిజమే, కాని లోపల ఏమియు ఉండదు.

దీనికి లోకమంతా చూచిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేటు వలన ప్రపంచములో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి, లేవకుండా ఆగిపోయినవి. ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. మందు ఏమిటంటే, మిషనును సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఒక్క చెడ్డ ఫైలును తీసివేయుట. అంత పెద్ద చిక్కుకు కూడా డిస్కును తుడిచివేయవలసిన అవసరం రాలేదు. కనుక "లేవదు" అన్న మాట వినగానే "పోయినది" అని అనుకొనరాదు.

ఇప్పుడు లక్షణములను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది, ఏ వెలుగూ రాకపోవుట. ఛార్జరును పనిచేయు వేరొక సాకెట్టులో పెట్టి చూడండి. పెన్ డ్రైవు, మౌసు, ప్రింటరు తీగ అన్నీ తీసివేయండి. ఛార్జరు కూడా తీసి, బ్యాటరీ ఊడేదైతే దానినీ తీసి, పవర్ మీటను 30 సెకన్లు నొక్కి పట్టండి. లోపల నిలిచిన కరెంటు దిగిపోవును. మరల ఛార్జరు పెట్టి నొక్కండి. చాలా మిషన్లు ఇంతటితోనే లేచును. లేవకపోతే అదే రకపు వేరొక ఛార్జరు తెచ్చి చూడండి. ఇక్కడ చెడినది కరెంటు మార్గము. ఫైళ్ళకు సాధారణంగా హాని ఉండదు.

రెండవది, లైటు వెలిగి, ఫ్యాను తిరిగి, తెర మాత్రము నల్లగా ఉండుట. చీకటి గదిలో తెరకు దగ్గరగా టార్చి వేసి ఏటవాలుగా చూడండి. మసకగా బొమ్మ కనబడితే తెర వెనుక దీపము పోయినదని అర్థము. హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో ఇంటి టీవీకి కలపండి. టీవీలో కనబడితే అప్పుడే ఫైళ్ళన్నీ వేరొక డిస్కులోకి తీసుకొని, తరువాత తెర మరమ్మతు చేయించండి.

మూడవది, మన సోదరి చెప్పినట్లు గుర్తు వచ్చి ఆగిపోవుట. బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్ కరెంటు పోయిన క్షణమే ఆరిపోవును. ఆ సమయమున విండోస్ వ్రాయుచున్న ఫైలు సగములో తెగి, మరుసటిసారి దారి తప్పవచ్చును. ముందు పెన్ డ్రైవులన్నీ తీసి చూడండి. కొన్నిసార్లు మిషను వాటి నుండే లేవవలెనని ప్రయత్నించుచుండును. ఫలితము లేకపోతే, ఫైళ్ళు విలువైనవి గనుక మరమ్మతుకు ముందు క్రింద చెప్పిన విధముగా వాటిని బయటికి తీయుట క్షేమము. తరువాత మరమ్మతు. గుర్తు కనబడగానే పవర్ మీటను పది సెకన్లు పట్టి ఆర్పండి. ఇట్లు రెండు మూడుసార్లు చేస్తే విండోస్ 10, 11లలో మరమ్మతు తెర దానంతట అదే వచ్చును. అందులో ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ స్టార్టప్ రిపేర్ ఎంచుకొనండి. అదే చోట స్టార్టప్ సెట్టింగ్స్ నుండి 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్ తెరుచుకొనును. ఆ తెరలోనే "రీసెట్ దిస్ పీసీ" అని కూడా ఉండును. ఫైళ్ళు చేతికి వచ్చేవరకు దాని జోలికి పోవద్దు.

నాలుగవది, "నో బూటబుల్ డివైస్" అని ఇంగ్లీషులో వచ్చుట. మిషనుకు డిస్కు కనబడుట లేదని, లేదా డిస్కు ఉన్నను దానిలో విండోస్ దొరకుట లేదని దీని భావము. డిస్కు తగిలే చోట వదులైనా ఇట్లే వచ్చును. తెలిసినవారిచే విప్పించి, గట్టిగా అమర్చి చూడవలెను.

ఐదవది, లోపల నుండి టక్కు టక్కుమను చప్పుడు వచ్చుట. ఇది పాత రకపు, తిరుగుడు పళ్ళెములు గల హార్డ్ డిస్కులో వచ్చును. వెంటనే ఆర్పివేయండి. పళ్ళెముపై చదివే ముల్లు దెబ్బ తిన్నదేమో. తిప్పిన ప్రతిసారీ గీతలు పడి ఉన్నది కూడా పోవును. ఇటువంటి డిస్కును ఇంటిలో విప్పరాదు, ఫ్రిజ్‌లో పెట్టరాదు. దుమ్ము చొరని గదిలో ఈ పని చేయువారు హైదరాబాదు వంటి పట్టణములలో ఉన్నారు. ఖర్చు ఎక్కువ, హామీ లేదు. ఆ ఫైళ్ళు అంత విలువైనవా కాదా అని కుటుంబమంతా కూర్చుండి తేల్చుకొనవలెను.

ఇక ఫైళ్ళను బయటికి తీసే మార్గములు రెండు.

ఒకటి, ఉబుంటు అను ఉచిత వ్యవస్థను పెన్ డ్రైవులో వేసి దాని నుండి మిషనును లేపుట. కాలేజీలో కంప్యూటరు చదువుచున్న మన యౌవనస్థులకు ఇది కష్టము కాదు. బాగున్న వేరొక కంప్యూటరులో 8 జీబీ లేదా అంతకు మించిన ఖాళీ పెన్ డ్రైవును సిద్ధము చేయవలెను. అందులో ముందున్నదంతా చెరిగిపోవునని మరువరాదు. చెడిన ల్యాప్‌టాప్‌కు దానిని పెట్టి, మీట నొక్కగానే డెల్, లెనోవో అయితే ఎఫ్ 12, హెచ్.పి. అయితే ఎస్కేప్ తరువాత ఎఫ్ 9 నొక్కుచుండవలెను. ఉబుంటు వచ్చినప్పుడు "ట్రై" అన్నదే ఎంచుకొనవలెను, "ఇన్‌స్టాల్" కాదు. ఇన్‌స్టాల్ చేస్తే మీ డిస్కు చెరిగిపోవచ్చును. అప్పుడు మీ ఫోల్డర్లు కనబడును. వాటిని వేరొక డిస్కులోకి కాపీ చేసికొనండి. మొదట తిరిగి దొరకనివి, అనగా స్వరములు, ఫొటోలు. తరువాత చదువు కాగితములు. సినిమాలు చివరికి.

రెండవది, డిస్కును విప్పించి, యు.ఎస్.బి. డబ్బాలో పెట్టి, వేరొక కంప్యూటరుకు కలుపుట. డిస్కులలో రకములున్నవి గనుక డబ్బా కొనకముందు డిస్కును చూపించండి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో డిస్కు పలకకే అతికి ఉండును. వాటికి ఈ మార్గము పనికిరాదు. కలిపినప్పుడు "ఫార్మాట్ చేయమంటారా?" అని తెర అడిగితే "వద్దు" అనియే చెప్పండి.

రెండు మార్గములలోను ఒక తాళము అడ్డు రావచ్చును. బిట్‌లాకర్ అను తాళము వేసియున్న డిస్కు, 48 అంకెల రికవరీ కీ ఇవ్వనిదే తెరుచుకొనదు. సాధారణంగా ఆ అంకెలు యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంటులో భద్రమై ఉండును. ఫోనులో నుండి చూచుకొనవచ్చును. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కూర్పు నుండి, కొత్తగా విండోస్ వేసి ఆ అకౌంటుతో ప్రవేశించిన చాలా మిషన్లలో ఈ తాళము తనంతట తానే పడుచున్నది. మిషను బాగున్నప్పుడే ఆ అంకెలను కాగితముపై వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకముతో పాటు దాచండి.

దుకాణమునకు ఇచ్చువారికి నాలుగు మాటలు. "ఫైళ్ళు కావలెను, అడుగకుండ ఫార్మాట్ చేయరాదు" అని రసీదు మీదనే వ్రాయించుకొనండి. వీలైతే ప్రక్కన కూర్చుండి చేయించుకొనండి. ఆడపిల్లల ఫొటోలున్న మిషనును రాత్రంతా వదలి రావద్దు. బ్యాంకు పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దు. పొరపాటున ఫార్మాట్ జరిగిపోతే, ఆ క్షణము నుండి ఆ డిస్కులో ఏమియు వ్రాయించవద్దు. పాత రకపు డిస్కులో మీద కొత్తది పడేవరకు కొంత దొరకవచ్చును. కొత్త ఎస్.ఎస్.డి. రకములో ఆ ఆశ చాలా తక్కువ.

సంఘములకు ప్రత్యేకముగా ఒక సంగతి. పాటల కాగితములు, ఆహ్వానములు చాలా చోట్ల అను లిపిలోను శ్రీలిపిలోను కొట్టినవి. ఫైలు దక్కినా ఆ ఫాంట్లు లేకపోతే తెరపై పిచ్చిగీతలే కనబడును. కనుక ఫాంట్లను కూడా కాపీ చేసి, ప్రతి ఫైలును పీడీఎఫ్‌గా కూడా దాచండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము వివాహములను రిజిస్టరులో వ్రాయవలెనని చెప్పుచున్నది. కంప్యూటరులో ఎక్కించితిమని ఆ పుస్తకమును గాని, బాప్తిస్మపు పుస్తకమును గాని ఆపరాదు.

నివారణకు జహీరాబాదు పల్లెల స్త్రీలే మనకు గురువులు. పస్తాపూర్ కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు జొన్న, కొర్ర, కంది విత్తనములను బూడిద, వేపాకు కలిపి గంపలలో దాచుదురు. ఇంటిలో కొంత, ఊరి విత్తన బ్యాంకులో కొంత. ఒక ఇంట పురుగు పట్టినా ఊరిలో విత్తనము నిలుచును. ఆ స్త్రీలే 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలుపెట్టి, 90.4లో పల్లె పాటలను, మాటలను వినిపించిరి. విత్తనమునకు చేసినట్లే స్వరమునకు కూడా చేయవచ్చును. మూడు ప్రతులు ఉంచండి: ఒకటి మిషనులో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి వేరొక ఊరిలోని బంధువు ఇంట గాని ఇంటర్నెట్ ఖాతాలో గాని. ఆరు నెలలకొకసారి తెరచి, పాట మ్రోగుచున్నదా అని విని చూడండి. పెన్ డ్రైవు మోసుకొనిపోవుటకే గాని దాచుటకు కాదు.

ప్రశ్నలు పంపువారు తెరపై వచ్చిన ఇంగ్లీషు మాటలను అక్షరము తప్పకుండ వ్రాయండి. మిషను పేరు, కొన్న సంవత్సరము, చప్పుడు వచ్చుచున్నదా లేదా అన్నది కూడా తెలుపండి. జవాబు వచ్చేవరకు మిషనును ఆర్పియుంచండి. ఆరియున్న డిస్కులో ఫైళ్ళు అలాగే ఉండును. పదే పదే మీట నొక్కుటయే వాటికి హాని.