ఉదరానికి శస్త్రచికిత్స, అలవాటుకు ఏది చికిత్స?

కోటి విద్యలూ కూటి కొరకేనని పెద్దల మాట. ఆ కూడే అధికమై దేహానికి భారమైనవారు నేడు మన మధ్య ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఉదర శస్త్రచికిత్సను ఆశ్రయిస్తున్నారు. ఈ చికిత్స విషయమై విద్యావంతులలో సైతం రెండు అపోహలున్నాయి. ఇది సోమరుల మార్గమని కొందరి ఆక్షేపణ. ఒకసారి కత్తి పడితే ఇక ఏమి తిన్నా చెల్లునని మరికొందరి నమ్మకం. రెండూ సరికావని నా అభిప్రాయం.

1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే వైద్యుడు స్థూలకాయ నివారణకై ఆహారపు దారి మళ్లించే శస్త్రచికిత్సను ఆరంభించాడు. నేడు విరివిగా చేసే మరొక పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు మూడు వంతులు తొలగించి, మిగిలిన వంతును సన్నని గొట్టం వలె ఉంచుతారు. కొద్ది ఆహారానికే కడుపు నిండుతుంది. ఆకలిని ప్రేరేపించే గ్రెలిన్ అనే హార్మోను కూడా తగ్గుతుంది. కాబట్టి స్థూలకాయాన్ని కేవలం నిగ్రహలోపంగా ఎంచి నిందించడం అన్యాయం.

అయితే బరువు వేగంగా తగ్గేది మొదటి ఏడాది, ఏడాదిన్నర మాత్రమే. పాత అలవాట్లు మరలి వస్తే కొంత బరువూ మరలి వస్తుంది. తీపి పానీయాలు చిన్న కడుపులోనూ సులభంగా ఇముడుతాయి. అందుకే మాంసకృత్తులు ముందుగా తినడం, మెల్లగా నమలడం, భోజనం నడుమ నీరు త్రాగకుండడం, వైద్యులు చెప్పిన విటమినులను విడువకుండడం జీవితాంతపు నియమాలు.

మా బంధువు ఒకరు ఈ చికిత్స పొందిన కొన్ని నెలలకు ఒక విందుకు వచ్చారు. నాలుగు ముద్దలకే చాలించారు. "బిర్యానీ రుచించలేదా?" అంటూ ఆతిథేయులు మరొక గరిటె వడ్డించారు. మర్యాదకు తిన్న ఆ పెద్దమనిషి పెరటిలోకి వెళ్లి వాంతి చేసుకొన్నారు.

ఇది నవ్వుకొని మరచే సంగతి కాదు. వాంతులు పదేపదే కలిగితే బి1 విటమిను లోపించి బెరిబెరి వ్యాధి రావచ్చును. నేను ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజులలో తార్నాకకు నడిచి పోతూ జాతీయ పోషకాహార సంస్థను చూసేవాడిని. అది కేవలం అన్నం లేనివారి కొరకని తలచేవాడిని. ఆ సంస్థ 1918లో కూనూరులో మెక్‌కారిసన్ నాయకత్వాన బెరిబెరి పరిశోధనతోనే పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. పేదల వ్యాధిగా ఎంచిన ఆ బెరిబెరియే నేడు నిండు విస్తరి ముందు కూర్చున్నవానిని సైతం పట్టగలదు!

విద్యార్థులారా, వైద్యుని కత్తి ఉదరాన్ని మాత్రమే చిన్నది చేయగలదు. అలవాటును మార్చుకోవలసినది ఆ మనిషి. అందుకు తోడ్పడవలసినది ఆయన ఇల్లు, బంధువర్గం. అతిథి "చాలు" అన్నప్పుడు గరిటెను ఆపడమూ ఆతిథ్యమే. ఈ మర్యాదను మన ఇళ్లలో మొదట మీరే నేర్పండి.