ధర ముందే చెప్పాలి

మన ఊళ్ళలో ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారే, ఆ అపెండిక్స్ ఆపరేషన్‌కి ధర ఎంత? ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. జిల్లా కేంద్రం నర్సింగ్‌హోమ్‌లో ఒక రేటు, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఇంకో రేటు. ఆ డబ్బు కోసం తాకట్టుకు వెళ్ళేది ఇంట్లో ఆడవాళ్ళ బంగారమే. ఖర్చుకు జడిసి, నెలసరి నొప్పేలే అని పంటిబిగువున ఓర్చుకునేదీ ఆడవాళ్ళే. అపెండిక్స్ పగిలి కడుపులో చీము పడితే ప్రాణానికే ముప్పు, బిల్లూ పెరుగుతుంది.

తెలంగాణలో అమలులో ఉన్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో కేంద్రం నిబంధనలు చేసింది. ధరలను స్థానిక భాషలో అందరికీ కనబడేలా పెట్టాలనీ, ధరల పరిమితిని రాష్ట్రాలతో సంప్రదించి కేంద్రం నిర్ణయించాలనీ అవి చెప్పాయి. పన్నెండేళ్ళయినా ఆ పని చేయనందుకు 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. ధర ముందే తెలుసుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లోనే తన పత్రంలో రాసింది.

నేను కార్యకర్తలను కోరేది ఒకటే. మీ ఊరి ఆసుపత్రుల్లో తెలుగులో ధరల బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే జిల్లా వైద్య, ఆరోగ్య అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నొప్పితో మెలికలు తిరిగే మనిషి బేరమాడలేదు. ఆ పని ముందుగా మనం చేయాలి.