గడిలో పట్టని రైతు

సర్వేకు చేతిఫోను వచ్చింది గనుక ఇక తప్పులకు తావులేదని మన అర్థశాస్త్ర మిత్రులు కొందరు మురిసిపోతున్నారు. కాగితాన్ని చెదలు తింటాయి, నిజమే. ఫోను ఏకంగా మనిషినే మింగుతుంది!

నిరుడు వేసవిలో విద్యార్థులతో కళ్యాణదుర్గం దగ్గరి ఒక పల్లెకు వెళ్ళాను. పట్నంలో తయారైన ప్రశ్నావళి ఫోనులో ఉన్నది. ‘ముఖ్య జీవనాధారం?’ ఒక్క గడినే నొక్కాలి. “నాలుగు నెల్లు శెనిక్కాయ, తక్కిన దినాలు బెంగుళూరులో బేల్దారి పని సారూ. అప్పు మాత్రం శేనిదే” అన్నాడు పెద్దాయన. మా కుర్రవాడు ‘కూలి’ నొక్కాడు. అంతే, ఆయన రైతు కాకుండా పోయాడు. సేద్యపు అప్పును గురించిన ప్రశ్న తెరమీదికే రాలేదు. నేనూ పక్కనుండి ఊరుకొన్నాను. యంత్రానికి పక్షపాతం లేదట! గడులు గీసినవాడికి లేదా?

2020లో కరోనా నాడు ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఫోనులోనే ప్రశ్నలడగలేదా అంటారు. అడిగింది. 2002 నుంచీ, మన అనంతపురంతో సహా, గడప గడపా ఎరిగిన ఇళ్ళను అడిగింది. ఆ నడక మనకు వద్దు, ఫోను మాత్రం కావాలి.

మరునాడు నోటుపుస్తకంతో ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాం. అప్పుల పద్దులే రెండు పుటలు వచ్చాయి.