అటక మీద ఆడపిల్ల వాటా

ఇంట్లో సామాను తగ్గించుకోవాలి, అక్కర్లేనివి తీసేయాలి, కొద్దిపాటి వస్తువులతో బతకడం నేర్చుకోవాలి అనే మాట పత్రికల ఆదివారం అనుబంధాల నుంచి మన శిక్షణా శిబిరాల దాకా వచ్చేసింది. జపాన్ రచయిత్రి మరీ కొండో 2011లో రాసిన పుస్తకం, 2019లో ఆమెతో తీసిన కార్యక్రమం ప్రపంచమంతా తిరిగాయి. వస్తువును చేతిలోకి తీసుకుని, అది సంతోషం ఇస్తోందో లేదో చూసుకుని, ఇవ్వకపోతే దానికి కృతజ్ఞత చెప్పి సాగనంపమంటుంది ఆమె. చెడ్డ మాటేమీ కాదు. అయితే నరసరావుపేటలోనో మాచర్లలోనో ఒక ఆడమనిషి తన ఇంట్లో ఒక వస్తువును చేతిలోకి తీసుకుంటే, సంతోషం సంగతి తర్వాత, అసలు దాన్ని తీసేసే హక్కు నాకుందా అనే ప్రశ్న ముందు వస్తుంది.

మా ప్రాంతంలో ఓ మోస్తరు రైతు ఇంట్లోకి వెళ్ళి చూడండి. అటక మీద ఇత్తడి బిందెలు, గంగాళం, రాగి కాగు. వంటింటి గోడ పొడుగునా స్టీలు డబ్బాలు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా. పడగ్గదిలో సగం బీరువా, సగం డబుల్ కాట్. డ్రెస్సింగ్ టేబులు మీద మడత పెట్టని బట్టల గుట్ట. పెళ్ళినాడు వచ్చిన డిన్నర్ సెట్లు, గోడగడియారాలు అట్టపెట్టెలు కూడా విప్పకుండా మంచం కింద. ఆ స్టీలు గిన్నెలు తిప్పి చూస్తే వాటి మీద చెక్కిన పేర్లుంటాయి. ఇచ్చిన మేనమామ పేరు, తండ్రి స్నేహితుడి పేరు, పెళ్ళి తేదీ. వాటిని రోజూ తోమే మనిషి పేరు మాత్రం చాలా గిన్నెల మీద కనపడదు.

ఈ సామానంతటికీ చాకిరీ ఉంది. సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి, ఇంట్లో పెళ్ళి కుదిరితే మరోసారి అటక మీదవన్నీ కిందికి దించి, చింతపండుతో తోమి, ఎండబెట్టి, మళ్ళీ పైకెక్కించాలి. నిచ్చెన పట్టుకునేది, పైకెక్కేది, కిందనుంచి అందించేది ఆడవాళ్ళే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. పల్నాడులో దీనికి తోడు ఇంకొకటుంది. పత్తి తీతలు మొదలయ్యాక ధర వచ్చేదాకా ఆ పత్తిని ముందు గదిలోనే పోస్తారు. పత్తి ఇంట్లోకొస్తే మనుషులు వరండాలోకి వస్తారు. ఆ నూగు మధ్యే వంట, పసిపిల్లల పడక, ముసలివాళ్ళ దగ్గు. సామాను తగ్గించుకోమనే వాళ్ళతో అందుకే నాకు పేచీ లేదు. సగం గిన్నెలు తగ్గితే సగం తోముడు తగ్గుతుంది. పేచీ అంతా ఎవరి సామాను, ఎవరు తగ్గిస్తారు అన్న దగ్గరే.

గురజాల దగ్గర ఒక ఊళ్ళో సంఘ సమావేశంలో ఈ మాటే అడిగాను, మీ ఇంట్లో మీ సామాను ఏమేం ఉందో చెప్పండి అని. ఒకామె చాలాసేపు ఆలోచించి అంది: "నా సామానంటావేందక్కా? బిందెలు మా అత్తయ్యవి. బీరువా మా నాన్న పెట్టింది. టీవీ మా ఆయన కొన్నాడు. నాయి అని చెప్పుకోటానికి చీరలున్నయ్యి." పక్కనున్న వదిన వరసామె నవ్వింది. "ఆ చీరలు మాత్రం నీయ్యేందే? సగం పెట్టుబడి చీరలేగా. ఒకళ్ళు నీకు పెట్టారు, నువ్వు ఇంకొకళ్ళకి పెడతావు." అందరూ నవ్వారు. మడత విప్పకుండా ఇల్లిల్లూ తిరిగే ఆ చీరల గురించి విడిగా ఒక వ్యాసమే రాయొచ్చు.

ఆమె చెప్పిన జాబితాలో బీరువా దగ్గర ఆగాలి. నాన్న పెట్టిన బీరువా ఎవరిది? చట్టం సమాధానం స్పష్టంగానే ఉంది. పెళ్ళప్పుడూ ఆ తర్వాతా ఆమెకు ఇచ్చిన నగలు, పాత్రలు, సామాను స్త్రీధనం. అది ఆమె సొంత ఆస్తి. భర్త గానీ అత్తమామలు గానీ దాన్ని నమ్మకం మీద దాచిపెట్టిన వాళ్ళే తప్ప సొంతదారులు కారని, తిరిగి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహం నేరమవుతుందని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 గృహహింస చట్టం ప్రకారం మేజిస్ట్రేటు స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించవచ్చు. చట్టం ఇంత ఉన్నా ఆ బీరువా తాళంచెవి ఎవరి మొలలో ఉందో, లోపలి నగలు ఎవరి పంటకోసం తాకట్టుకు పోయాయో మనకు తెలుసు. మిరపకు పెట్టుబడి కావాల్సి వచ్చినప్పుడల్లా మొదట మెడలోవీ చేతులవీ పోతాయి. ఆ సామాను తగ్గడానికి ఏ పుస్తకమూ చదవక్కర్లేదు.

అసలీ సామానంతా ఇంట్లోకి ఎందుకొచ్చిందో కూడా చూడాలి. అటక మీదున్నది చాలావరకు ఆ ఇంటి కోడలికి పుట్టింట్లో రావాల్సిన వాటా. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయిన కూతుళ్ళతో సహా దేశమంతటికీ ఆ హక్కు తెచ్చింది. తండ్రి 2005కి ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం, క్రైస్తవ స్త్రీలకు వారసత్వ నియమాలు వేరు. అటక సంగతి మాత్రం అన్నిళ్ళలోనూ ఒకటే.

ఇన్ని చట్టాలొచ్చినా ఊళ్ళో లెక్క మారలేదు. సాగర్ కుడికాలవ కింద ఎకరం అన్నకు, సారె చెల్లెలికి. "దానికి లోటేం చేశాం? ట్రాక్టరు నిండా సామాను పంపాం" అంటారు. నిజమే, ట్రాక్టరు నిండా పంపారు. ఊరంతా చూసింది కూడా. ఇరవై ఏళ్ళకు ఎకరం విలువ ఎన్నో రెట్లయింది. ఫ్రిజ్ పాతసామాను కొట్టుకు పోయింది. మంచం కోడు విరిగింది. బీరువా అడుగు తుప్పు పట్టింది. మిగిలిన ఇత్తడి బిందెల్ని ఇప్పుడు మనం వెళ్ళి "ఎందుకమ్మా ఇవన్నీ, తీసేయరాదా" అంటే ఆమె తటపటాయిస్తుంది. దాన్ని వస్తువుల మీద మమకారం అనుకోవడం తొందరపాటు. పుట్టింటి ఆస్తిలో ఆమెకు దక్కినదానికి అవే ఆఖరి రుజువు.

వదులుకోవడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళు కస్తూర్బా గాంధీ నగల కథ గుర్తుచేసుకోవాలి. 1901లో దక్షిణాఫ్రికా నుంచి బయల్దేరేటప్పుడు గాంధీ కుటుంబానికి బంగారు, వజ్రాల కానుకలు వచ్చాయి. వాటిలో ఒక హారం ప్రత్యేకంగా కస్తూర్బాకి ఇచ్చింది. ప్రజాసేవకు వచ్చిన కానుకలు ఉంచుకోకూడదని గాంధీ నిర్ణయించుకుని, ముందు కొడుకుల్ని ఒప్పించి, తర్వాత ఆమెను ఒప్పించబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. రేపు వచ్చే కోడళ్ళ సంగతేమిటంది. నాకిచ్చిన హారం మీద మీకేం హక్కంది. నా సేవకు ఇచ్చారా నీ సేవకు ఇచ్చారా అని ఆయన అడిగితే, రాత్రింబవళ్ళు మీకూ మీ ఇంటికొచ్చినవాళ్ళకూ నేను చేసిన చాకిరీ సేవ కాదా అని అడిగింది. చివరికి నగలన్నీ ట్రస్టుకు పోయాయి. ఇదంతా గాంధీయే తన ఆత్మకథలో రాసుకున్నాడు, కాబట్టి ఆ మేరకు నిజాయితీ ఉన్న మనిషి. ఆ నిర్ణయంతో తాను ఎప్పుడూ బాధపడలేదని కూడా రాశాడు. నాకు మాత్రం ఆ అధ్యాయంలో ఆమె వేసిన ప్రశ్నలే నిలబడ్డాయి. పొదుపైన జీవితం ఆయన ఎంచుకున్నాడు, అందుకు ఖర్చయింది ఆమె హారం.

మన పల్నాడులోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. మాచర్ల పక్కన నాగార్జునకొండ లోయలో మూడో శతాబ్దంలో కట్టిన మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. ఆ దానాలు చేసింది తామేనని వాళ్ళ పేర్లతోనే శాసనాలున్నాయి. మూడు గుడ్డలు, ఒక భిక్షాపాత్రతో బతికిన భిక్షువులకు నీడ కల్పించింది తమ చేతిలో సొంత ఆస్తి ఉన్న ఆడవాళ్ళు. చేతిలో ఏదో ఉంటే కదా ఇవ్వడం, వదులుకోవడం!

అడక్కుండా తగ్గించడం ఆడవాళ్ళకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు, మగవాళ్ళు ఇంట్లో గిన్నెలు, బియ్యం కూడా సారాకొట్టుకు చేరుస్తున్నారన్న మాట ఊరూరా వినిపించింది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులు ముదిరి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేనాటికి, వాయిదా కట్టని ఇళ్ళలో సామాను ఎత్తుకుపోయారన్న ఫిర్యాదులు ఎన్నో వచ్చాయి.

అలాగే, కొద్ది వస్తువులతో బతకడం నేర్పాలంటే మనం ఎవరికి నేర్పుతున్నామో చూసుకోవాలి. సంక్రాంతి దాటాక మిరపకోతకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు ఇటు వస్తాయి. చేల పక్కన పట్టాలు కప్పుకుని నెలల తరబడి ఉంటారు. రెండు గిన్నెలు, ఒక నీళ్ళ బిందె, బట్టల మూట, బడి మానిన పిల్లలు. ఇంతకంటే తక్కువ సామాను ఏ ఆశ్రమంలోనూ ఉండదు. ఆ తల్లికి పొదుపు గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇక 2020 డిసెంబరు నుంచి పేదలకు ఆడవాళ్ళ పేరునే ఇళ్ళ పట్టాలిచ్చారు. పేరు ఆమెది కావడం మంచి సంగతి. స్థలం మాత్రం పల్లెల్లో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటంటే 48 గజాల చిల్లర. ఆ ఇంట్లోకి బీరువా వస్తే మంచం రాదు. అక్కడ సామాను తగ్గించింది ఆమె ఎంపిక కాదు, కొలతల టేపు.

ఇంట్లోంచి ముందుగా బయటికి పోవాల్సినది ఒకటుంది. దాని గురించి ఈ సర్దుడు పుస్తకాలు మాట్లాడవు. పురుగుమందు. పత్తికీ మిరపకీ కొట్టగా మిగిలిన మందు డబ్బాలు చూరులోనో, మంచం కిందో, బియ్యం బస్తా పక్కనో ఉంటాయి. ఒక్క కోపపు క్షణంలో, ఒక్క దెబ్బ తిన్న రాత్రిలో చేతికందేంత దూరంలో. అత్యంత విషపూరితమైన మందుల్ని శ్రీలంక ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. నిషేధం మన చేతిలో లేకపోయినా, మందు ఇంట్లో ఉండకూడదని, తాళం వేసిన పెట్టెలో పొలం దగ్గరే ఉండాలని ప్రతి సంఘ సమావేశంలోనూ చెప్పగలం. ఖాళీ డబ్బాలు కడిగి నీళ్ళకు వాడుకోవడం కూడా ఆగాలి.

బయటికి పోకూడనివి కాగితాలు. 2024 మే ఎన్నికల తర్వాత పల్నాడులో 144వ సెక్షన్ పెట్టిన రోజుల్లో, దానికి ముందు కూడా ఎన్నోసార్లు, గొడవలైన ఊళ్ళలో ఇళ్ళకు తాళాలేసి వెళ్ళిపోయిన కుటుంబాలున్నాయి. అలాంటప్పుడు ఆడమనిషి చేతికి అందేది ఒక్క సంచి. పట్టా, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటో, బ్యాంకు పుస్తకం ఒక్కచోట ఉండాలి. ఎక్కడున్నాయో ఆమెకు తెలిసి ఉండాలి. నకళ్ళు పుట్టింట్లోనో సంఘం ఆఫీసులోనో ఉంటే ఇంకా మంచిది.

మన సంఘాల మాట కూడా చెప్పుకోవాలి. మార్చి 8 వస్తే శాలువాలు, షీల్డులు, స్టీలు టిఫిను బాక్సులు. మన ఆఫీసుల బీరువాల మీద దుమ్ము పట్టిన జ్ఞాపికలు వరసగా నిలబడి ఉన్నాయి. నాకు తెలిసిన ఒక కార్యకర్త ఇంట్లో పదిహేడు శాలువాలున్నాయి. మా ఊళ్ళో ఎండ సంగతి తెలిసిన వాళ్ళకు ఆ పదిహేడు శాలువాల ఉపయోగం చెప్పక్కర్లేదు. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె కూడా శాలువాలు వద్దందట.

ఎవరైనా సామాను తగ్గించుకుంటామంటే సాయం చేద్దాం. ఏది అక్కర్లేదో ఏరే ముందు, ఏది ఎవరిదో ఏరడం మొదలెడదాం. ఆమెదైతే అమ్మిన డబ్బు ఆమె ఖాతాలో పడాలి. ఇత్తడిని పాతసామాన్ల వాడికి ఇచ్చేముందు ఆమె ఎదుటే తూకం వేయించాలి. తోమే పనిలో భర్తా కొడుకులూ భాగం తీసుకునేదాకా, ఇంట్లో కొత్త గిన్నె కొనాలా వద్దా అన్న మాట ఆమెదే కావాలి.

పెళ్ళి కుదిరిన ఇళ్ళకు ముందే వెళ్ళగలిగితే ఇంకా మేలు. సారె సామానుకు పెట్టే డబ్బు లెక్కకట్టి, ఆ మేరకు భూమిలో కూతురి పేర రిజిస్ట్రేషన్ చేయించమని తండ్రులతో మాట్లాడాలి. వినేవాళ్ళు తక్కువే, అయినా మాట్లాడాలి. వినకపోతే కనీసం జాబితా రాయించాలి. అడక్కుండా ఇచ్చిన పెళ్ళి కానుకలకు జాబితా ఉండాలని 1985 నాటి నియమాలే చెబుతున్నాయి: వస్తువు ఏమిటి, విలువ సుమారుగా ఎంత, ఇచ్చింది ఎవరు, వాళ్ళు ఏమవుతారు, కింద వధూవరుల సంతకాలు. వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు దగ్గరే ఉండాలి. నలభై ఏళ్ళ నాటి నియమమిది. అలాంటి జాబితా రాయించిన పెళ్ళి మీ మండలంలో ఒక్కటి ఉన్నా ఈ పత్రికకు రాసి పంపండి. ఎలా ఒప్పించారో, ఎవరు అడ్డుపడ్డారో కూడా రాయండి.