ఒకే రేకు, ఎన్నో రంగులు

తాండవకు కొత్త నీరు వచ్చినప్పుడు సుళ్ళు తిరగటం పాయకరావుపేట పిల్లలకు తెలియనిది కాదు. అటువంటి సుడిని 1963లో ఒక తెలుగువాడు కాగితం మీద అచ్చువేశాడు. ఆయన పేరు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతనంలో చదివి, పారిస్ చేరాడు. 2018లో న్యూయార్క్‌లో మరణించాడు.

“సుడిగుండం” అనే ఆ బొమ్మలో గట్టూ లేదు, పడవా లేదు. ఉన్నదల్లా నీటి తిరుగుడే! “ఇదేం బొమ్మ?” అని పెద్దలే అడగవచ్చు. కాని కాసేపు చూస్తే మన చూపు కూడా ఆ సుడి వెంటే పోతుంది.

ఇటువంటి బొమ్మకు ముందుగా లోహపు రేకును ద్రావకంతో తినిపించీ, పనిముట్లతో చెక్కీ, ఎత్తుపల్లాలు చేస్తారు. మామూలుగా రంగుకొక రేకు కావాలి. కృష్ణారెడ్డీ, పారిస్‌లో ఆయన తోటివారూ ఒక్క రేకుతోనే పని సాధించారు. ఎలాగంటారా? రంగులో అవిసె నూనె ఎక్కువైతే పలచన, తక్కువైతే జిగట. పలచని రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే మిట్టలకే అంటుతుంది. తరవాత జిగట రంగును మెత్తని రోలరుతో దొర్లిస్తే పల్లంలోకి దిగుతుంది. మరి మిట్టల మీద? అక్కడి నూనె దాన్ని అంటనివ్వదు! పైన తడి కాగితం పరచి యంత్రంలో నొక్కితే రంగులన్నీ ఒక్కసారే దిగుతాయి.

వరస తప్పి జిగటను ముందు వేశారో, పలచనిది దాని మీదికే ఎక్కి కూర్చుంటుంది.